ఖానా వెడల్పు: పహాణీ నుంచి కంప్యూటరు దాకా

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని కార్యదర్శి గారు అడిగారు. రాజుల గురించి, కోటల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఏండ్లకు పైగా పట్టికలు గీసి, నింపి, సరిచూసి జీతం తీసుకున్నవాణ్ణి. అందుచేత పట్టికలో రెండు నిలువు గీతల మధ్య ఉండే జాగా గురించి రాస్తున్నాను. ఇప్పుడు దాన్ని కాలమ్ అంటున్నాము. ఉర్దూ మాటతో ఖానా అనేవారు. చూడటానికి చిన్న విషయమే. కాని ఆ జాగా చాలకపోతే మనిషి పేరు తెగుతుంది, ఖాతా నంబరు మారుతుంది, పెన్షన్ ఆగుతుంది.

మన ప్రాంతంలో పట్టికకు పెద్దపీట వేసింది భూమి లెక్కలే. నిజాం రాజ్యంలో మొదటి సాలార్ జంగ్ 1865లో జిలాబందీ పెట్టి జిల్లా పాలనకు ఒక రూపం ఇచ్చారు. తర్వాతి కాలంలో సర్వే, సెటిల్‌మెంట్ జరిగి సేత్వార్లు వచ్చాయి. హైదరాబాదు రాష్ట్రం భారతదేశంలో కలిసిన తర్వాత 1954-55కు ఖాస్రా పహాణీ, 1955-58కి చేసాల పహాణీ తయారయ్యాయి. ఉర్దూ కాగితాల్లో ఒకటో ఖానా కుడిచేతి వైపు నుంచి మొదలవుతుంది. అదే పట్టిక తెలుగులోకి వచ్చేసరికి ఎడమ నుంచి మొదలయింది. అలవాటు లేనివారు పాత నకలు చేతికిస్తే ఏ వైపు నుంచి చదవాలో తెలియక తికమక పడేవారు.

పహాణీ తెరిస్తే సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, నీటి వసతి, పంట, ఇట్లా ఖానాలు సాగిపోయి చివరికి కైఫియత్ వచ్చేది. కాగితం వెడల్పు పెరగదు కదా. ఒక ఖానాకు అంగుళం ఎక్కువ ఇస్తే మరొక ఖానా అంగుళం నష్టపోవలసిందే. అయితే చేతిరాతలో ఒక వెసులుబాటు ఉండేది. పేరు పట్టకపోతే అక్షరం చిన్నది చేసేవారు, కింది వరుసలోకి దించేవారు, గీత దాటించి రాసేవారు. చదివేవాడు మనిషే గనుక అర్థం చేసుకునేవాడు. యంత్రానికి ఆ ఓపిక లేదు.

ఖానాలు కలిపితే ఏమవుతుందో ఒక లెక్క చెబుతాను. ఎకరానికి 40 గుంటలని మనందరికీ తెలుసు. ఎకరాలకు ఒక ఖానా, గుంటలకు ఒక ఖానా ఉంటే 2 ఎకరాల 35 గుంటలకు 1 ఎకరం 20 గుంటలు కలిపినప్పుడు 4 ఎకరాల 15 గుంటలు వస్తుంది. జాగా ఆదా చేద్దామని రెంటినీ ఒకే ఖానాలో 2.35, 1.20 అని రాసి కంప్యూటరును కూడమంటే అది 3.55 అంటుంది. దానికి గుంటల సంగతి ఎవరు చెప్పారు? ఖానా తీసేసినా ఇంతే. 2020లో ధరణి వచ్చినప్పుడు అనుభవదారు కాలమ్ లేదన్న మాట ఊరూరా చర్చకు వచ్చింది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి మొదలయింది. కాగితం మీద ఒక గీత ఎక్కడ గీయాలన్నది రైతు ఇంటి దాకా వచ్చే విషయమని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక యంత్రాల సంగతి. టైపు మిషను మీద ప్రతి అక్షరానికీ క్యారేజి ఒకే కొలతలో కదులుతుంది. టాబ్ అనే మీట పుట్టిందే పట్టికల కోసం. టాబులేటర్ అన్న మాటకు అది పొట్టి రూపం. స్టేట్‌మెంటు కొట్టే ముందు ప్రతి ఖానాలో పట్టే అతి పొడవైన పేరు ఏదో చూసుకుని, అక్షరాలు లెక్కపెట్టి, ఆ తర్వాతనే టాబ్ పెట్టాలి. మా సీనియర్లు నేర్పిన మొదటి పాఠం అదే. ఈనాటికీ అంతకు మించిన సూత్రం లేదు.

అమెరికాలో 1890 జనాభా లెక్కలకు హెర్మన్ హోలరిత్ చిల్లుల కార్డులు వాడారు. 1928లో ఐబీఎం కంపెనీ 80 కాలమ్‌ల కార్డు తెచ్చింది. ఒక కాలమ్‌కు ఒక అక్షరమే. మనిషి వివరమంతా ఆ ఎనభైలో ఇరకాలి. జీతాల పట్టీలు అచ్చువేసే పెద్ద ప్రింటర్లలో వరుసకు 132 అక్షరాలు పట్టేవి. పేరుకు ఇరవై ఇచ్చారంటే ఇరవై ఒకటో అక్షరం పోయినట్లే. జాగా పొదుపు కోసం సంవత్సరాన్ని కూడా నాలుగంకెలకు బదులు రెండంకెల్లో రాశారు. 1999 వెళ్లి 2000 వస్తే 00 అన్నది ఏ సంవత్సరమో యంత్రానికి తెలియదని ప్రపంచమంతా హడలిపోయింది. వై2కె అని పత్రికల్లో చదివాము కదా. దాని మూలం రెండంకెల జాగా మిగుల్చుకోవటమే. దాన్ని సరిదిద్దే పనిలో మన తెలుగు పిల్లలు చాలామంది అమెరికా వెళ్లారు.

1979లో విసికాల్క్ అనే లెక్కల పట్టిక వచ్చింది. అందులో ఖానాలన్నిటికీ ఒకే వెడల్పు. 1983లో లోటస్ 1-2-3 వచ్చింది. సంఖ్య పట్టకపోతే ఖానా నిండా నక్షత్రాలు చూపేది. ఇప్పటి ఎక్సెల్ #### అని చూపుతుంది. అది కనిపిస్తే కంగారు పడవద్దు, సంఖ్య లోపల క్షేమంగానే ఉంటుంది, ఖానా వెడల్పు చేస్తే చాలు. కనిపించకుండా జరిగే నష్టమే ప్రమాదం. ఎక్సెల్ 15 అంకెల వరకే సంఖ్యను సరిగా దాచుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబరు కొడితే చివరి అంకెను సున్నా చేస్తుంది. తర్వాత ఖానా ఎంత వెడల్పు చేసినా ఆ అంకె తిరిగి రాదు. నాకు తెలిసిన ఒక సోదరికి భర్త పోయిన తర్వాత రావలసిన ఫ్యామిలీ పెన్షన్ ఇట్లాగే కొన్ని నెలలు ఆగింది. ఒక కార్యాలయం వారు పంపిన జాబితాలో ఆమె ఖాతా నంబరు చివర సున్నా పడింది. ఆ సున్నా ఎక్కడిదో తేలేదాకా ఆమె కాళ్లరిగేలా తిరిగింది.

మన ఊరి పేరే మరొక ఉదాహరణ. రాజీవ్ రహదారి మీద ఉన్న కుకునూరుపల్లి లోగడ మెదక్ జిల్లా కొండపాక మండలంలో ఉండేది. 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఏర్పడింది. 2022లో కుకునూరుపల్లి మండలం అయింది. చిరునామాల పట్టికలో మండలం ఖానా కొండపాక అన్న మాటకు కొలిచి పెట్టినదైతే అందులో కుకునూరుపల్లి పట్టదు. పేరు రెండు ముక్కలై వరుస లావవుతుంది, ఒక పుట పట్టిక రెండు పుటలవుతుంది. ఇంకో చిత్రం చూడండి. మన కంటికి ఈ పేరులో ఆరు అక్షరాలు. యూనికోడులో కంప్యూటరు దాచుకునేది 13 సంకేతాలు. గుణింతాలు, పొల్లు విడివిడిగా లెక్కకు వస్తాయి. ఎవరైనా 12కే హద్దు పెడితే ‘కుకునూరుపల్ల’ అని మిగులుతుంది. ఆరక్షరాలే కదా, పది చాలునని అనుకున్నవాడి పట్టికలో మన పల్లె సగమే ఉంటుంది.

తెలుగు యూనికోడులో 1991 నుంచి ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అక్షరాలు మామూలు కంప్యూటర్లకు అందాయి. అంతకు ముందు డీటీపీ వారి వద్ద ఒక్కొక్క కంపెనీ అక్షరాలు ఒక్కొక్క తీరు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే మాటలూ చెడేవి, ఖానాలూ చెదిరేవి.

ఇప్పుడు సంఘం కాగితాలు మన మనుమలు, మనుమరాండ్రు వర్డ్‌లో చేసి పెడుతున్నారు. వారికి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. రాస్తుంటే ఖానాలు వాటంతట అవే సాగుతున్నాయంటే, పట్టిక గుణాల్లో లోపలి విషయాన్నిబట్టి సైజు మార్చుకునే ఏర్పాటు టిక్ పెట్టి ఉన్నదన్నమాట. ఆ టిక్ తీసి, ఒక్కో ఖానాకు వెడల్పు చెప్పాలి. పట్టిక కాగితం దాటి కుడివైపు పోతే ఆటోఫిట్‌లో విండోకు సరిపెట్టమనాలి. వరుస ఎత్తును ‘ఇంతే’ అని బిగిస్తే తెలుగు వత్తులు కింద తెగుతాయి. కనుక ‘కనీసం ఇంత’ అని పెట్టాలి. ఎక్సెల్‌లో ఖాతా నంబరు, ఆధార్ కొట్టబోయే ముందే ఆ ఖానాను టెక్స్ట్ అని మార్చాలి. కొట్టిన తర్వాత మారిస్తే పోయిన అంకె రాదు.

సభ్యులకు ఒక మనవి. ఏ జాబితా మీ చేతికి వచ్చినా మొత్తం సొమ్ము ఒక్కటే చూసి సంతకం చేయవద్దు. మీ పేరు చివరి అక్షరం, ఖాతా నంబరు చివరి అంకె, ఊరి పేరు చివరి గుణింతం చూడండి. తెగేది ఎక్కువగా చివరనే. అది సరిగా ఉంటే ముందున్నది సరిగా ఉన్నట్లే చాలావరకు. కళ్లు కనిపించని పెద్దల కాగితాలను ఇంట్లో పిల్లలు ఒకసారి పైకి చదివి వినిపించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.