'అతిథి కార్మికుడు': ఒక పదం చరిత్ర

మేడ్చల్ గుండా 44వ నంబరు జాతీయ రహదారి నాగపూర్ వైపు సాగుతుంది. శామీర్‌పేట మీదుగా కరీంనగర్ దారి పోతుంది. ఈ దారుల వెంబడి ఉన్న ఇటుక బట్టీలలో, నిర్మాణ పనులలో ఒడిశా, బీహార్ వంటి రాష్ట్రాల కార్మికులు కనిపిస్తారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల పనులు ఆగిపోయాయి. ఆ తరువాతి వారాలలో చాలామంది మేడ్చల్ రహదారి పట్టి కాలినడకన ఉత్తరానికి బయలుదేరారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు తొలి శ్రామిక రైలు కదిలింది. 'వలస కూలీ' అనే పాత మాట పక్కన 'అతిథి కార్మికుడు' అనే మాట అప్పుడు తరచుగా వినిపించింది. ఈ పదం ఎక్కడి నుంచి వచ్చింది? దీని అర్థం ఏమిటి?

పదం మూలం

జర్మన్ భాషలో 'గాస్ట్' అంటే అతిథి, 'ఆర్బైటర్' అంటే కార్మికుడు. పశ్చిమ జర్మనీ 1955లో ఇటలీతోనూ, 1961లో టర్కీతోనూ ఒప్పందాలు చేసుకొని కార్మికులను రప్పించింది. వారికి వాడుకలో వచ్చిన పేరే 'గాస్ట్‌ఆర్బైటర్'. పని ముగియగానే తిరిగి వెళ్లిపోవాలన్న భావన ఆ పేరులోనే ఉంది. 1973లో ఈ నియామకాలు నిలిచిపోయాయి. అయినా లక్షలాది మంది అక్కడే స్థిరపడ్డారు. మన దేశంలో కేరళ ఈ అర్థాన్నిచ్చే 'అతిథి తొళిలాళి' అనే మాటను అధికారికంగా వాడుతున్నది.

మన మాటలు

'అతిథి' అంటే తిథి చెప్పకుండా వచ్చేవాడు అని సంప్రదాయ వివరణ. అతిథి కార్మికుడి విషయంలో ఇది తలకిందులవుతుంది. అతడు తిరిగి వెళ్లే గడువు ముందే నిర్ణయమై ఉంటుంది. 'వలస' మాట కథ వేరు. ఉత్తరాంధ్రలో ఆమదాలవలస, కొత్తవలస వంటి ఊళ్ల పేర్లలో, కదలికను తెలిపే ఈ పదమే స్థిర నివాసానికి పేరైంది. ఒడిశాలో అడ్వాన్సు తీసుకొని పనికి వెళ్లేవారిని 'దాదన్' కార్మికులు అంటారు. పారశీకంలో 'దాదన్' అంటే ఇవ్వడం. అంటే ఈ పేరు మనిషిని గాక, అతడిని కట్టిపడేసే అప్పును సూచిస్తుంది.

పేరు, హక్కు

దాదన్ కార్మికుల రక్షణకు ఒడిశా 1975లో చట్టం చేసింది. 1979లో పార్లమెంటు అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేసి స్థానభ్రంశ భత్యం, ప్రయాణ భత్యం వంటివి కల్పించింది. చట్టం వారిని అతిథులు అనలేదు. ఇక్కడ ఒక తేడాను గమనించాలి. జర్మనీకి వచ్చిన టర్కీ కార్మికుడు పరదేశి. శామీర్‌పేట బట్టీలో పనిచేసే ఒడిశా కార్మికుడు ఈ దేశ పౌరుడు. దేశంలో ఎక్కడైనా సంచరించే, నివసించే స్వేచ్ఛను రాజ్యాంగం 19వ అధికరణం అతనికి ఇచ్చింది. అతిథికి దక్కేది ఆదరణ. అది ఇంటి యజమాని మనసును బట్టి ఉంటుంది. పౌరునికి దక్కవలసింది హక్కు. 'అతిథి' అనే పిలుపులో గౌరవం ఉన్నా, 'ఈ ఊరు నీది కాదు' అనే మాట కూడా అందులో దాగి ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'గాస్ట్‌ఆర్బైటర్' అనే పదం ఏ పరిస్థితులలో వాడుకలోకి వచ్చింది?
2. మీ ఊరికి పని కోసం వచ్చిన వారిని స్థానికులు ఏమని పిలుస్తారు? ఆ పేరు వారి హక్కులను గుర్తిస్తున్నదా? చర్చించండి.