లేజీ ఎవాల్యుయేషన్, డైనమిక్ బైండింగ్

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌లో ఫలితం కావలసి వచ్చేదాకా లెక్కను వాయిదా వేయడమే లేజీ ఎవాల్యుయేషన్. వేరియబుల్ విలువను కోడ్ రాసిన చోటును బట్టి కాక, అది నడుస్తున్న వేళను బట్టి తేల్చడం డైనమిక్ బైండింగ్. మొదటిది ఆ వేళను వాయిదా వేస్తుంది, రెండోది దాన్నే నమ్ముకుంటుంది. పేచీ అక్కడే.

జాన్ మెకార్తీ 1958లో ఎంఐటీలో మొదలుపెట్టిన లిస్ప్‌లో ఈ చిక్కు తొలి రూపం కనబడింది. జేమ్స్ స్లాగల్ ఒక ఫంక్షన్‌ను మరో ఫంక్షన్‌కు అందిస్తే, లోపలి వేరియబుల్ వేరే విలువ పట్టుకుంది. మెకార్తీ మొదట దీన్ని మామూలు బగ్ అనుకున్నారు. స్టీవ్ రస్సెల్ ‘ఫనార్గ్’ అనే ఏర్పాటుతో దాన్ని సరిదిద్దాడు. కోడ్‌తోపాటు దాని వేరియబుళ్లనూ కట్టి ఉంచే ‘క్లోజర్’‌ను పీటర్ లాండిన్ 1964లో వివరించాడు. 1975లో స్కీమ్ భాష, కోడ్ రాసిన చోటును బట్టి విలువ తేల్చే లెక్సికల్ పద్ధతినే ఎంచుకుంది.

లేజీ పద్ధతికి కావలసింది సరిగ్గా ఇదే. 1976లో ఫ్రీడ్‌మన్–వైజ్, హెండర్సన్–మోరిస్ జంటలు వేర్వేరుగా ప్రచురించిన పత్రాలు దానికి ఊపు తెచ్చాయి. వాయిదా పడ్డ లెక్క తన వేరియబుళ్లను వెంటబెట్టుకుంటే ఎప్పుడు చేసినా జవాబు మారదు.

అయినా డైనమిక్ వేరియబుళ్లు పోలేదు. అవుట్‌పుట్ ఎటు పోవాలో ప్రతి ఫంక్షన్‌కూ చెప్పుకుంటూ పోవడం ఎవరికైనా విసుగే. అందుకే కామన్ లిస్ప్ వాటిని ‘స్పెషల్’ పేరుతో అట్టిపెట్టుకుంది. 2007లో వచ్చిన రిచ్ హికీ క్లోజర్ భాషలో (పైన చెప్పిన క్లోజర్ వేరు) డైనమిక్ వేరియబుళ్లూ, లేజీ సీక్వెన్సులూ పక్కపక్కనే చేరాయి.

అక్కడ ఒక డైనమిక్ వేరియబుల్ మామూలు విలువ 10 అనుకుందాం. ‘బైండింగ్’ లోపల దాన్ని తాత్కాలికంగా 20 చేసి, 1, 2, 3లను దానితో హెచ్చవేయమని లేజీ సీక్వెన్సు ఇచ్చే ‘మ్యాప్’‌కు చెప్పి, ఆ ఫలితాన్ని బైండింగ్ బయట ప్రింట్ చేస్తే తెరమీద పడేది 20, 40, 60 కాదు. 10, 20, 30. ప్రింట్ చేసేవేళకు బైండింగ్ ముగిసిపోయింది మరి! ఇంకా తమాషా ఏమిటంటే, ‘రేంజ్’ ఇచ్చిన 100 సంఖ్యల మీద ఇదే పని చేయించి, బైండింగ్ లోపలే మొదటి సంఖ్యను అడిగితే, 32 సంఖ్యల ముక్క ఒకేసారి లెక్కకొస్తుంది. వాటికి 20, మిగతావాటికి 10. ఒకసారి తేలిన జవాబు దాచి ఉంచుతారు కాబట్టి ఆ కలగాపులగం అలాగే మిగులుతుంది.

ఈ చిక్కును తప్పించుకునే దారులున్నాయి. లేజీ భాష అయిన హాస్కెల్ కోసం 2000లో లూయిస్, లాంచ్‌బరీ, మైయర్, షీల్డ్స్ ‘ఇంప్లిసిట్ పారామీటర్లు’ ప్రతిపాదించారు. వాటిని కంపైలర్ కంటికి కనబడని ఆర్గ్యుమెంట్లుగా మార్చేస్తుంది కనుక వాయిదా పడ్డ లెక్కకు ఏ విలువో ముందే తేలిపోతుంది. క్లోజర్‌ భాషలోనైతే ‘డూఆల్’‌తో లెక్కను అక్కడికక్కడే పూర్తిచేయించవచ్చు, లేదా ‘బౌండ్-ఎఫ్ఎన్’‌తో బైండింగులను ఫంక్షన్‌కు అంటిపెట్టవచ్చు. సీక్వెన్స్ బైండింగ్ దాటి బయటికి పోయేదైతే మాత్రం విలువను నేరుగా ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వడమే మేలు.