గోదావరి సీమలో మామ్మల కట్టూబొట్టూ

పంతొమ్మిదో శతాబ్దపు గోదావరి డెల్టాలో, రజస్వల కాకముందే ఆడపిల్లకు పెళ్ళి చేసే ఆచారమున్న కుటుంబాల్లో, తల్లీ కూతుళ్ళిద్దరూ పదిహేను పదహారేళ్ళకే బిడ్డల తల్లులయ్యేవారు కనుక, స్త్రీ మామ్మ అనో అమ్మమ్మ అనో అనిపించుకునే నాటికి ఆమెకు ముప్పై అయిదేళ్ళు కూడా నిండని సందర్భాలు ఉండేవి. మనవల్నెత్తిన మనిషికి ఇంకా సింగారాలేమిటన్న మాట ఆ పడుచు వయసులోనే ఆమె రంగుచీర మీదా పూలమాల మీదా ఆంక్షగా పనిచేసింది. అయినా ఆమె కట్టూబొట్టును ప్రధానంగా నిర్ణయించింది వయసు కాదు, మనవడి పుట్టుకా కాదు. భర్త బతికి ఉన్నాడా లేడా అన్నదే.

ముత్తైదువ, అంటే భర్త జీవించి ఉన్న స్త్రీ, మామ్మ అయ్యాక కూడా పసుపు, కుంకుమ, గాజులు, నల్లపూసలు, మెట్టెలతో నిండుగా ఉండేది. బంగారు నాణేలను వరసగా గుచ్చిన కాసులపేరు వంటి స్త్రీధనపు నగలు కూతుళ్ళకో మనవరాళ్ళకో ఇచ్చేదాకా ఆమె మెడలోనే ఉండేవి. భర్త పోయిన మామ్మకు, ముఖ్యంగా బ్రాహ్మణ కుటుంబాల్లో, శిరోముండనం, బోసి నుదురు, తలమీదుగా కప్పుకున్న చీర మాత్రమే మిగిలేవి. మారుమనువు, అంటే వితంతువు మళ్ళీ పెళ్ళాడే పద్ధతి, వాడుకలో ఉన్న అనేక శ్రామిక కులాల్లో ఈ కట్టడి ఇంత కఠినంగా లేదు.

వితంతువుపై పెట్టిన ఈ కట్టడిలోని క్రూరత్వం బారసాలనాడు, అంటే బిడ్డకు పేరుపెట్టి ఉయ్యాలలో వేసే రోజున, స్పష్టంగా కనిపించేది. పురిటి రోజులన్నీ చీర మోకాళ్ళపైకి దోపుకొని, చాచిన కాళ్ళమీద పసికందును బోర్లా పడుకోబెట్టి, నలుగుపెట్టి, గోరువెచ్చని నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసిన వితంతువు మామ్మ, పేరంటాళ్ళు వచ్చి హారతి ఇచ్చే వేళకు ఎదురు రాకూడదని వెనక గదిలోకి తప్పుకోవలసి వచ్చేది.

కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. కాకినాడకు చెందిన పైడా రామకృష్ణయ్య ఆ ఉద్యమానికి ధనసహాయం చేశారు. ఆ సంస్కరణ మహత్తరమైనదే అయినా దాని దృష్టి ప్రధానంగా బాలవితంతువుల మీద ఉన్నందున, మనవలున్న వితంతువు వేషం చాలాకాలం మారలేదు. ఆ మార్పుకు దారి తీసినవారిలో ద్రాక్షారామంలో పుట్టిన దువ్వూరి సుబ్బమ్మను ముందుగా చెప్పుకోవాలి. చిన్నతనంలోనే భర్తను కోల్పోయిన ఆమె స్వాతంత్ర్యోద్యమ సభల్లో ఉపన్యసించి, ఖద్దరు ప్రచారం చేసి, 1922లో జైలుకు వెళ్ళారు. ఆ స్వాతంత్ర్యోద్యమంలోని సుమంగళులు కూడా తెల్ల ఖద్దరు కట్టడంతో, తెలుపు వైధవ్యానికే గుర్తుగా మిగలక, స్త్రీ తాను నమ్మినదాన్ని చాటే రంగు కూడా అయింది.

ఆడపిల్ల పెళ్ళికి కనీస వయసు 14 ఏళ్ళుగా నిర్ణయించిన శారదా చట్టం 1930 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. తరాలు గడిచేకొద్దీ మామ్మ అయ్యే వయసూ పెరిగింది, ఆమె కట్టూ మారింది. నేత నేసేటప్పుడే బుటాలను అదనపు పేక దారంతో చేత్తో పొదిగే ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది; ఆ చీరను తమకు నచ్చిన రంగులో ఎంచుకొని మనవల వేడుకలకు కట్టుకునే మామ్మలు నేడు డెల్టాలో ఎందరో ఉన్నారు. కాని వితంతువు మామ్మను హారతికి దూరంగా ఉంచే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అటువంటి ఇంట రేపు బారసాల జరిగితే, ఆమెకు నచ్చిన చీర కట్టించి, తొలి అక్షింతలు ఆమె చేతనే వేయించాలి.