కరిగిన గిన్నె, మిగిలిన తెట్టు

మన ఇళ్ళలో సిల్వర్ గిన్నె అని పిలుచుకునేదాంట్లో వెండి వీసమెత్తు కూడా ఉండదు. అదంతా అల్యూమినియమే. సొట్టలు పడ్డాక దాన్ని పాతసామాన్లవాడికి వేస్తాం. ఇక్కడ అమెరికాలో ఖాళీ సోడా డబ్బాని రీసైకిల్ బుట్టలో పడేస్తాం. అక్కడితో మన వంతు పుణ్యకార్యం అయిపోయిందనుకుంటాం. కాని ఆ గిన్నెల్నీ డబ్బాల్నీ కరిగించినప్పుడల్లా కొంత తెట్టు మిగులుతుంది. ఈ కథ మొదలూ, అందులో ఒక చేదు మలుపూ, రెండూ ఒహాయో రాష్ట్రంలోనే ఉన్నాయి.

1886 ఫిబ్రవరి 23. ఓబర్లిన్ అనే చిన్న ఊళ్ళో, ఇంటి వెనక కట్టెలకొట్టంలో 22 ఏళ్ళ ఛార్లెస్ మార్టిన్ హాల్ చవకగా అల్యూమినియం తీసే దారి కనుక్కున్నాడు. రసాయనశాస్త్రం చదువుకున్న అక్క జూలియా తోడుగా నిలిచింది. పటికనీ, బట్టల సోడానీ వాడి తెల్లని అల్యూమినా చేసుకుని, దాన్ని కరిగిన క్రయొలైట్‌లో కలిపి కరెంటు పంపాడు. అల్యూమినా అంటే అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన పొడి. కొలిమి ఇటుకలకి వేడిని తట్టుకునే బలమిచ్చేది అదే. అదే ఏడు ఫ్రాన్సులో పాల్ ఎరూ కూడా ఈ పద్ధతినే కనిపెట్టాడు. మరో ఒకటి రెండేళ్ళలో, రష్యాలో పనిచేస్తున్న కార్ల్ బాయర్ బాక్సైటు నుంచి అల్యూమినాని చవకగా తీసి చూపించాడు. ఆయన దృష్టి లోహం మీద లేదు, బట్టలకి రంగు పట్టించడం మీద ఉంది. మన బందరు, కాళహస్తి కలంకారీ పనివాళ్ళు పటికతో చేసేదీ ఆ పనే!

లోహం చవకయ్యాక పాతదాన్ని కరిగించడం పెరిగింది. 1941 జూలైలో విమానాల కోసమని అమెరికా గృహిణులు గిన్నెలూ మూకుళ్ళూ తెచ్చి కుప్పలు పోశారు. 1959లో కూర్స్ కంపెనీ అల్యూమినియం బీరు డబ్బా తెచ్చి, తిరిగిచ్చిన ఒక్కో డబ్బాకీ ఒక సెంటు ఇచ్చింది. ఖనిజం నుంచి లోహం తియ్యడానికయే శక్తిలో సుమారు 5 శాతంతోనే పాతది కరుగుతుంది. బేరం లాభసాటిదే.

అయితే కరిగిన అల్యూమినియం మీద గాలి తగలగానే అల్యూమినా పొర కడుతుంది. ఆ పొరనుంచి లోహాన్ని విడదీయడానికి కొలిమిలో మామూలు ఉప్పు, పొటాషియం క్లోరైడు వేస్తారు. చివరికి మిగిలే ముద్దలో ఉప్పులూ, అల్యూమినా, చిక్కుకుపోయిన లోహపు రవ్వలూ, కొంచెం నైట్రైడూ కార్బైడూ ఉంటాయి. నీళ్ళు తగిలితే అది ఊరుకోదు. వేడెక్కుతుంది, అమ్మోనియా, హైడ్రోజన్, మీథేన్ వదులుతుంది.

ఓబర్లిన్ నుంచి కారులో రెండు గంటలు కూడా పట్టని స్టార్క్ కౌంటీలో చెత్త పూడ్చే గుట్ట ఒకటుంది. 1993 నుంచి 2006 దాకా అక్కడ దాదాపు 6 లక్షల టన్నుల అల్యూమినియం వ్యర్థాన్ని పూడ్చారు. చెత్తలోంచి ఊరిన మురుగునీటిని మళ్ళీ గుట్టలోకే వదిలారు. 2006 నాటికి గుట్ట లోపల వేడి పెరిగింది. చుట్టుపక్కలవాళ్ళు కంపు భరించలేక మొరపెట్టుకున్నారు.

ఇంతకీ అది పారెయ్యవలసిన వస్తువేనా? కాదు. ముద్దని నలగ్గొట్టి, జల్లించి లోహపు రవ్వలు ఏరుతారు. మిగిలినదాన్ని నీళ్ళలో కలిపి, పుట్టే వాయువుల్ని పట్టేస్తారు. వడకట్టిన నీటిని ఇగిరిస్తే ఉప్పు తిరిగి కొలిమికి పనికొస్తుంది. అడుగున మిగిలిన మడ్డిలో ఎక్కువ పాలు అల్యూమినా. మిశ్రమలోహాల్లో ఉండే మెగ్నీషియం వల్ల కొంత స్పినెల్ కూడా ఉంటుంది. అది సిమెంటుకీ, కొలిమి ఇటుకలకీ పనికొస్తుంది. సున్నంతో కాలిస్తే కాల్షియం అల్యూమినేటు అవుతుంది. ఉక్కులోంచి గంధకాన్ని లాగడానికి అది కావాలి. 1990లలో చికాగో దగ్గరి ఆర్గాన్ జాతీయ పరిశోధనాలయం ఈ పద్ధతుల మీద పనిచేసింది. జర్మనీలో హనోవర్, ల్యూనెన్ ఊళ్ళలో ఇదే పెద్ద ఎత్తున చేస్తారు.

మరి ఒహాయోలో ఎందుకు పూడ్చిపెట్టారు? బాయర్ పుణ్యమా అని కొత్త అల్యూమినా చవక. నీటిని ఇగిర్చే ఖర్చుతో పోలిస్తే గొయ్యి ఇంకా చవక. ఆ చవక లెక్కలో స్టార్క్ కౌంటీవాళ్ళు పీల్చిన గాలి ఖరీదు ఎవరూ కలపలేదు. హాల్ పటికలోంచి కష్టపడి చేసుకున్న తెల్లపొడే ఆ గుట్టలోనూ ఉంది. గిన్నె కరిగించడంతో పని సగమే అయినట్టు; తెట్టుకి కూడా దారి చూపించినప్పుడే మన పుణ్యకార్యం పూర్తవుతుంది.