చిగుళ్ల వ్యాధి, దీర్ఘకాలిక ఇన్‌ఫ్లమేషన్: చరిత్ర

పంటి మొదట్లో చేరిన పాచిని తీయకపోతే అది గట్టిపడి గార కడుతుంది. అక్కడ తిష్ఠ వేసిన బాక్టీరియా మీద శరీరం పోరు మొదలుపెడుతుంది. ఆ పోరు తెగక నెలలు, ఏళ్లు సాగడమే దీర్ఘకాలిక ఇన్‌ఫ్లమేషన్. ఆరోగ్యమైన చిగురుకూ పంటికీ మధ్య సందు 1 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటుంది. వ్యాధి ముదిరితే అది 6 మిల్లీమీటర్లు కూడా దాటుతుంది, లోపల ఎముక అరిగిపోతుంది. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి బ్రష్షుకు అంటిన నెత్తుటి చారను చాలామంది పట్టించుకోరు. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో అనే పరిశోధకుడి బృందం 12 మంది ఆరోగ్యవంతుల చేత పళ్లు తోముకోవడం మాన్పించింది. మూడు వారాల్లోపే అందరికీ చిగుళ్లు వాచాయి, మళ్లీ తోముకోగానే తగ్గాయి. పాచే మూలమని దీంతో తేలిపోయింది.

నోటి జబ్బు ఒంటికి పాకుతుందన్న మాట అంతకంటే పాతది. 1891లో దంతవైద్యుడు డబ్ల్యు.డి. మిల్లర్, 1900లో లండన్ వైద్యుడు విలియం హంటర్ ఈ వాదాన్ని ముందుకు తెచ్చారు. ఆ ఊపులో కీళ్లనొప్పులకూ, అంతుబట్టని ఇతర జబ్బులకూ నోటిలోని పళ్లన్నీ పీకేయడం చికిత్సగా చలామణీ అయింది. ఇది వైద్యం చేసిన పెద్ద తప్పుల్లో ఒకటి. పళ్లు పోయినా కీళ్లనొప్పులు తగ్గడం లేదని 1930ల చివరికి రుజువై ఆ వాదం మూలపడింది. దాంతో పాటు అందులోని నిజం కూడా కొన్ని దశాబ్దాలు మరుగునపడటం రెండో నష్టం.

అసలు చిగురును తినేసేది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన మందు వెనుక ఒక తెలుగువాడి శ్రమ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధనలకు సారథ్యం వహిస్తున్న కాలంలోనే అక్కడి శాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో తొలి మందు అదే. అది వెలుగులోకి వచ్చిన 1948లోనే సుబ్బారావు కన్నుమూశారు. 1980లలో పరిశోధకుడు లార్న్ గోలబ్ బృందం ఈ మందులకున్న మరో గుణాన్ని పట్టుకుంది: బాక్టీరియాను చంపడంతో సంబంధం లేకుండా, కణజాలాన్ని కరిగించే మన సొంత ఎంజైములను ఇవి అడ్డుకుంటాయి. బాక్టీరియాను చంపలేనంత తక్కువ మోతాదులో, 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ అనే అదే కుటుంబపు మందును చిగుళ్ల వ్యాధికి వాడేందుకు 1998లో అమెరికా అనుమతించింది. పాచి నిప్పు పెడుతుంది, ఇల్లు తగలబెట్టేది మాత్రం చాలావరకు మన రోగనిరోధక శక్తే.

1989లో ఫిన్లాండ్ పరిశోధకులు గుండెపోటు రోగుల్లో నోటి ఆరోగ్యం అధ్వానంగా ఉందని చూపడంతో చర్చ మళ్లీ మొదలైంది. పొగతాగడం, పేదరికం రెండు జబ్బులకూ దారితీస్తాయి కదా, చిగుళ్లను నిందించడమెందుకన్నది బలమైన అభ్యంతరం. నెలలు నిండని కాన్పులకూ చిగుళ్ల వ్యాధే కారణమన్న అనుమానం ఉండేది, కానీ 2006లో 823 మంది గర్భిణులపై జరిపిన అధ్యయనంలో చిగుళ్లకు చికిత్స చేసినా నెలలు నిండని కాన్పులు తగ్గలేదు. సంబంధం ఉందిగానీ చిగుళ్ల వ్యాధే గుండెజబ్బుకు కారణమని తేలలేదని 2012లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ప్రకటించింది. అందుకే పళ్లు శుభ్రం చేయించుకుంటే గుండెపోటు రాదని హామీ ఇవ్వడం తగదు.

మధుమేహం సంగతి వేరు. చక్కెర అదుపు తప్పితే చిగుళ్లు పాడవుతాయి. చిగుళ్లలోని ఇన్‌ఫ్లమేషన్ ఇన్సులిన్ పనికి అడ్డుపడి చక్కెరను పెంచుతుంది. 2013లో ఒక అమెరికా అధ్యయనం చికిత్సతో మేలు కనబడలేదని చెప్పినా, అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2022 నాటి కాక్రేన్ సమీక్షలో మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే కొలత) సగటున 0.43 శాతం పాయింట్ల మేర తగ్గింది. కొద్దిపాటే అయినా విలువైన మేలు ఇది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అంచనా ప్రకారం దేశంలో మధుమేహులు 10.1 కోట్ల మంది. అయినా మామూలు ఆరోగ్య బీమాలో ప్రమాదంలో తగిలిన దెబ్బలకు తప్ప పంటి వైద్యానికి డబ్బు రావడం అరుదు. నోటిని ఒంటి నుంచి వేరుచేసే ఈ పద్ధతి మారాలి. అంతవరకు మధుమేహం ఉన్నవారు రక్తపరీక్షకు వెళ్లినంత క్రమంగా చిగుళ్లూ చూపించుకోవాలి.