మావోరి ఎంపీ చించిన బిల్లు – న్యూజిలాండ్ రాజ్యాంగం ఎక్కడ రాసి ఉంది?



2024 నవంబర్ 14న న్యూజిలాండ్ పార్లమెంటులో 22 ఏళ్ళ మావోరి ఎంపీ హానా-రావితి మైపి-క్లార్క్ ఒక బిల్లు కాపీని చించేసి హాకా మొదలుపెట్టింది. ఆ వీడియో మనలో చాలామంది చూశాం, స్టేటస్ కూడా పెట్టుకున్నాం. కానీ ఆ బిల్లులో ఏముంది, అంత కోపం ఎందుకు అని అడిగినవాళ్ళు తక్కువ. జవాబు కావాలంటే ముందు ఆ దేశ రాజ్యాంగం ఎక్కడుందో తెలియాలి. చిక్కంతా అక్కడే ఉంది.

గ్రూప్స్‌కి చదివేవాళ్ళకి పాలిటీలో ఒక లైను గుర్తుంటుంది: అలిఖిత రాజ్యాంగం గల దేశాలు బ్రిటన్, న్యూజిలాండ్, ఇజ్రాయెల్. ఒక మార్కుకి అది చాలు. కానీ 'అలిఖిత' అన్న మాట మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. అక్కడ రాసింది చాలానే ఉంది. అన్నీ ఒకచోట కుట్టి, మిగతా చట్టాలన్నిటికీ ఇదే పై చట్టం అని ఎవరూ ముద్ర వేయలేదు, అంతే. కాబట్టి క్రోడీకరించని రాజ్యాంగం అనడమే సరి.

మరి వెతకాల్సింది ఎక్కడ? 1986 నాటి రాజ్యాంగ చట్టంలో, 1990 నాటి హక్కుల చట్టంలో, 1993 ఎన్నికల చట్టంలో. ఇంగ్లండ్ నుంచి వచ్చిన పాత చట్టాలూ ఉన్నాయి. 1297 నాటి మాగ్నా కార్టాలో ఒక అధ్యాయం అక్కడ ఇవాళ్టికీ అమల్లో ఉంది! వీటికి తోడు కోర్టు తీర్పులు, సంప్రదాయాలు. వీటన్నిటిలో ఒక కాగితం ఉంది, అది రాజ్యాంగంలో భాగమా కాదా అనే గొడవ 180 ఏళ్ళకు పైగా నడుస్తోంది. దాని దగ్గరికి వస్తాను.

ముందు సంప్రదాయం గురించి ఒక్క సంగతి. ఎందుకంటే మనవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 1984 జులైలో ప్రధాని రాబర్ట్ మల్డూన్ ఎన్నికల్లో ఓడిపోయాడు. కొత్త ప్రభుత్వం ఇంకా ప్రమాణం చేయలేదు. ఈలోగా డబ్బు సంక్షోభం ముంచుకొచ్చింది. డాలర్ విలువ తగ్గించాలని గెలిచినవాళ్ళు చెబితే మల్డూన్ మొదట ఒప్పుకోలేదు. దిగిపోయే ప్రభుత్వం గెలిచినవాళ్ళ మాట వినాలని ఏ చట్టంలోనూ లేదు. అది ఆనవాయితీ. చివరికి సొంత పార్టీ సహచరులే ఒత్తిడి తెచ్చాక అతను దిగొచ్చాడు. ఊరి పెద్ద కట్టుబాటు తప్పితే కాగితం చూపించి ఆపరు కదా, పక్కనున్నవాళ్ళే ఆపుతారు. ఇదీ అలాంటిదే. ఆ భయం వల్లే రెండేళ్ళకి 1986 రాజ్యాంగ చట్టం వచ్చింది.

ఇప్పుడు ఆ కాగితం: వైటంగి ఒప్పందం. 1840 ఫిబ్రవరి 6న బ్రిటిష్ రాణి తరఫున విలియం హాబ్సన్, మావోరి తెగల పెద్దలు సంతకాలు చేశారు. తర్వాత నెలల్లో ఊరూరా తిప్పితే మొత్తం 500 మందికి పైగా సంతకం పెట్టారు. వాళ్ళలో 40 మంది లోపు తప్ప అందరూ పెట్టింది మావోరి ప్రతి మీదే. హెన్రీ విలియమ్స్ అనే మిషనరీ, ఆయన కొడుకు కలిసి ఒక్క రాత్రిలో చేసిన అనువాదం అది. ఇంగ్లీషు ప్రతిలో పెద్దలు 'సార్వభౌమాధికారం' రాణికి ఇచ్చేస్తున్నారని ఉంది. మావోరి ప్రతిలో ఉన్న మాట 'కావనటంగ', అంటే పరిపాలన చేయడం. రెండో అధికరణంలో భూముల మీద, ఊళ్ళ మీద, విలువైనవాటన్నిటి మీద 'రంగతిరటంగ' మీకే ఉంటుందని రాశారు. రంగతిర అంటే తెగ పెద్ద. అంటే పెద్దరికం మాదే, గవర్నర్ వచ్చి పాలన చూసుకుంటాడు అని వాళ్ళు అర్థం చేసుకున్నారు. 1835లో చేసిన స్వాతంత్ర్య ప్రకటనలో సార్వభౌమాధికారానికి ఇదే విలియమ్స్ 'కింగిటంగ', 'మన' అనే మాటలు వాడాడు. 1840లో 'మన' అని రాసి ఉంటే ఎంతమంది సంతకం పెట్టేవాళ్ళో ఆలోచించండి.

ఆ తర్వాత జరిగింది మనకి కొత్త కథ కాదు. 1860ల్లో ప్రత్యేక భూమి కోర్టు పెట్టి, తెగ మొత్తానిదైన భూమిని కొద్దిమంది పేర్ల మీద పట్టాలు చేశారు. పేరున్నవాడు అమ్మేస్తే తెగ బయటపడింది. 1877లో వీ పరాటా కేసులో ప్రధాన న్యాయమూర్తి ప్రెండర్‌గాస్ట్ ఈ ఒప్పందం చట్టం ముందు చెల్లని కాగితమన్నాడు. 1941లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ఇంకో మెట్టు చెప్పింది: పార్లమెంటు తన చట్టంలో రాసుకుంటేనే ఒప్పందాన్ని కోర్టు అమలు చేస్తుంది.

అంటే దారి చట్టంలోకి ఎక్కించడమే. 1975లో వైటంగి ట్రిబ్యునల్ వచ్చింది. అదే ఏడాది 79 ఏళ్ళ వినా కూపర్ భూమి కోసం ఉత్తరం కొస నుంచి రాజధాని వెల్లింగ్టన్ దాకా పాదయాత్ర నడిపింది. 1985లో ట్రిబ్యునల్‌కి 1840 నుంచి జరిగిన అన్యాయాలన్నీ విచారించే అధికారం దొరికింది. 1986లో ప్రభుత్వ సంస్థల చట్టంలో ఒక చిన్న సెక్షన్ పెట్టారు: ఒప్పందం 'సూత్రాలకు' విరుద్ధంగా ప్రభుత్వం నడవకూడదు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని మావోరి కౌన్సిల్ కోర్టుకెళ్ళింది. 1987లో అప్పీలు కోర్టు ఐదుగురు జడ్జీలూ వాళ్ళ వైపే తీర్పిచ్చారు. ఇద్దరూ భాగస్వాముల్లా, నమ్మకంగా నడుచుకోవాలన్నారు. చెల్లని కాగితం 110 ఏళ్ళకి రాజ్యాంగానికి ఆధారమైంది.

కానీ ఆ దేశంలో పార్లమెంటుదే చివరి మాట. చట్టం హక్కులకి విరుద్ధమని మన సుప్రీంకోర్టులాగా అక్కడి కోర్టు కొట్టేయలేదు. 2003లో సముద్ర తీరం మీద మావోరి తెగలు హక్కు కోరవచ్చని కోర్టు అంటే, 2004లో పార్లమెంటు చట్టం చేసి ఆ దారి మూసేసింది. వేలమంది వెల్లింగ్టన్‌కి నడిచారు. ఆ చట్టం రద్దయి కొత్తది రావడానికి 2011 దాకా పట్టింది.

మనకి రాసిన రాజ్యాంగం ఉంది, ఐదో షెడ్యూల్ ఉంది, 13వ అధికరణంలో 'చట్టం' అన్న మాటకి ఆచారం కూడా వస్తుందని ఉంది. అలాగని నిశ్చింతగా ఉండలేం. 1997లో సమతా తీర్పులో మన భూములు నిలబెట్టింది ఆ ఐదో షెడ్యూలే. ఏజెన్సీ టీచర్ పోస్టులు నూరు శాతం మనకే ఇచ్చిన జీవో 3ని 2020లో కొట్టేసినప్పుడు చర్చకొచ్చిందీ అదే షెడ్యూల్. రాసిన వాక్యాన్ని ఎవరు ఎలా చదువుతారన్నది ఇక్కడా అక్కడా ఒకే ప్రశ్న.

ఇక చించిన బిల్లు సంగతి. 1987 నుంచి కోర్టులు, ట్రిబ్యునల్ కట్టుకుంటూ వచ్చిన ఆ 'సూత్రాలను' పార్లమెంటే కొత్తగా నిర్వచించి, జనాన్ని ఓటు అడగాలన్నది దాని ఉద్దేశం. అందరికీ సమాన హక్కులు అని వినడానికి బాగుంటుంది. కానీ మెజారిటీ ఓటుతో ఒప్పందానికి అర్థం మార్చడమంటే సంతకం చేసిన ఇద్దరిలో ఒకరే కూర్చుని తిరగరాయడం. నవంబర్ 19న పార్లమెంటు ముందుకి వచ్చినవాళ్ళు పోలీసుల లెక్కలోనే దాదాపు 42,000. 2025 ఏప్రిల్ 10న బిల్లు 112-11 ఓట్లతో ఓడిపోయింది. హాకా చేసినందుకు జూన్‌లో ఆమెను వారం రోజులు సస్పెండ్ చేశారు. మిగతా చట్టాల్లో ఉన్న ఒప్పందం ప్రస్తావనలను సమీక్షించాలని కూడా పాలక కూటమి పార్టీలు 2023లోనే రాసుకున్నాయి. వాటిని మార్చడానికి మామూలు మెజారిటీ చాలు.