ఎండిన చెరువు బీడు కాదు

అనంతపురము నుండి బుక్కరాయసముద్రమునకు పోవువారికి పెద్ద చెరువు కట్ట కనబడును. వానలు కురిసిన ఏట ఆ చెరువు పేరునకు తగిన సముద్రమే. ఏండ్ల తరబడి వాన ముఖము చాటు చేసినచో బీటలు వారిన ఒండ్రుమట్టి, దానిపై మేయు గొఱ్ఱెల మందలు మాత్రమే మిగులును. ఈ మెట్టసీమలోని చెరువులన్నిటి కథయు ఇదియే. అట్టి కరవు నాళ్లలో ఎవరో ఒకరు వచ్చి, "ఊరి ప్రక్కనే ఇంత చదునైన నేల ఊరక పడి ఉన్నది గదా, ఇండ్లు కట్టుకొనరాదా?" అని అడుగుదురు. ప్రశ్న సహజమే. వలదని చెప్పుటకు గల కారణమును మాత్రము చరిత్రలో వెదుకవలెను.

మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364లో పండమేరునకు అడ్డుకట్ట వేయించి ఈ చెరువును నిర్మించెనని స్థానిక చరిత్ర చెప్పుచున్నది. కట్టకు రెండు కొనల యందు రెండు ఊళ్లు వెలసినవి. ఒకటి బుక్కరాయసముద్రము, రెండవది అనంతసాగరము. ఆ రెండవదే నేటి అనంతపురము. అనగా ఇచట ఊరు చెరువును త్రవ్వుకొనలేదు, చెరువే ఊరిని కన్నది. కట్ట తెగబోవు వేళ ముసలమ్మ యను కోడలు తన్ను తాను బలి యిచ్చుకొని ఊరిని కాపాడెనను గాథ ఈ కట్టకు సంబంధించినదే. దానిని కట్టమంచి రామలింగారెడ్డిగారు "ముసలమ్మ మరణము"గా కావ్యము చేసిరి. గాథలోని సత్యాసత్యములు ఎట్లున్నను, చెరువు విలువను ప్రజలు దేనితో తూచిరో అది తెలుపుచున్నది.

ఈ జిల్లాలో సాలీనా వర్షపాతము సగటున 550 మిల్లీమీటర్లకు అటు ఇటు. పడమటి కనుమల చాటున ఉండుటచే నైరుతి మేఘము ఇచటికి చేరుసరికే అలసిపోవును. ఆ కొద్ది వానయు పెక్కు సారులు రెండు మూడు జడులలోనే కురిసిపోవును. కనుక పై చెరువు నిండి మరవ పారగా, ఆ నీరు వంక వెంట క్రింది చెరువునకు చేరునట్లు పెద్దలు గొలుసుకట్టుగా చెరువులు కట్టించిరి. కట్ట మరమ్మతునకు దశబంధపు ఇనాములు ఇచ్చిరి. నీరు పంచుటకు నీరుగంటిని నియమించిరి. చెరువనగా నీరు నిలిచిన మేరయే కాదు. నీరు వచ్చు దారి, నిలుచు చోటు, పోవు దారి మూడును కలిసినదే చెరువు.

పొరుగున ఉన్న కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనమొకటి కలదు. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు వేయి మంది కూలీలతో, నూరు బండ్లతో, రెండేండ్లలో అచట చెరువు కట్టించెను. చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండగూడని ఆరు దోషములను ఆ శాసనము వివరించినది. చెరువు నడుమ నేల తాబేటి వీపు వలె ఎత్తుగా ఉండుట ఆ దోషములలో ఒకటి. నేడు చెరువులో మట్టి పోసి ఇండ్ల స్థలములు చేసినచో, ఆనాటివారు వలదన్న దోషమును మన చేతులతో మనమే కల్పించుకొన్నట్లగును.

మన న్యాయస్థానములును ఇదే త్రోవను నడచినవి. ఉత్తరప్రదేశములోని ఒక గ్రామపు కుంటలో కొంత భాగమును ఇండ్ల స్థలములకు ఇచ్చిన వివాదము సుప్రీంకోర్టునకు వచ్చినది. కుంట విస్తీర్ణము వానకాలమున మారుచుండును గనుక అందులో ఏ భాగమును గృహనిర్మాణమునకు ఈయరాదని 2001లో కోర్టు తీర్పు చెప్పినది. ఎండిన ఏట చూచి చెరువు హద్దు గీయరాదని దీని తాత్పర్యము.

మన రాష్ట్రములోనే తిరుపతి చెంత అవిలాల, పేరూరు చెరువుల భూములను ఇండ్ల కొరకు అప్పగించుచు 1991, 1994 సంవత్సరములలో ప్రభుత్వ ఉత్తర్వులు వెలువడినవి. పౌరుల వేదిక యొకటి న్యాయపోరాటము సలిపినది. చెరువులు ప్రజల ఉమ్మడి సొత్తనియు, ప్రభుత్వము ధర్మకర్త మాత్రమే యనియు 2006లో సుప్రీంకోర్టు ప్రకటించినది. కాని అప్పటికే ఇండ్లు లేచినవి. వానిని కూల్చుమనలేక, అవిలాలలో ఇక ముందు కట్టరాదనియు, కట్టిన ఇండ్లపై పడు వాన నీటిని భూమిలోనికి ఇంకించవలెననియు ఆదేశించినది. న్యాయము గెలిచినది గాని చెరువు పూర్తిగా తిరిగి రాలేదు.

పేదవానికి ఇల్లు వలదా యని కొందరు అడుగుదురు. తప్పక కావలెను. అందుచేతనే అది మునిగిపోవు చోట ఉండరాదు. చెరువునకు చెప్పిన మాట వంకకును చెల్లును. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురములోని పల్లపు కాలనీలు నీట మునిగినవి. కరవుసీమలో వరద యేమిటని లోకము ఆశ్చర్యపడినది. నీటికి మాత్రము తన పాత దారి గుర్తున్నది.

చెరువులను, కుంటలను, వాని కాలువలతో సహా పరిరక్షణ ప్రాంతములుగా ప్రకటించుటకు 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, వృక్ష చట్టము వీలు కల్పించినది. హద్దులు శాశ్వతముగా గుర్తించి ఆక్రమణలను అడ్డుకొనవలెననియు చెప్పినది. చట్టమున్నది, తీర్పులున్నవి, శాసనములున్నవి. కావలసినది ఊరి పెద్దల మెలకువ. గొలుసు పట్టుకొని కొలతకు వచ్చిన నాడే, మరవ మట్టమును చూపి, ఇది చెరువు అని గ్రామము చెప్పవలెను. మొదటి పునాది పడిన పిమ్మట ఆ మాటకు బలము తగ్గును. పదవ ఇల్లు లేచిన పిమ్మట అది ఎవరికిని వినబడదు.